ముందు బరువు, తర్వాత ఇంజన్, ఆపైన ఆక్టేన్

టెక్సస్‌లో బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే డాలస్ చుట్టుపక్కల మన కుటుంబాల్లో ప్రయాణాల సందడి మొదలవుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. పిల్లలకు కొలరాడో కొండలు చూపించాలి. రోజూ హోటల్ తిండి పెద్దవాళ్లకు పడదు. పొయ్యి, పడకలు, స్నానాల గది అన్నీ ఉన్న ట్రావెల్ ట్రైలర్ ఒకటి బండికి తగిలించుకుని వెళ్తే బాగుంటుందన్న ఆలోచన వస్తుంది. కొందరికి లేక్ టెక్సోమాకి సొంత పడవ లాక్కెళ్లాలని కోరిక. ఇంట్లో ఉన్న సెడాన్ ఆ పనికి చాలదు, ఎస్‌యూవీ కావాలి. అప్పుడు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఎంత పెద్ద ఇంజన్ తీసుకోవాలి? అందులో రెగ్యులర్ పోయాలా, ప్రీమియం పోయాలా?

రెండూ అడగవలసినవే. కానీ వాటికంటే ముందు అడగవలసింది ఇంకొకటుంది. మనం లాగబోయేది ఎంత బరువు? మనుషులతో, సామానుతో కలిపి ఆ బరువులో ఎంత మన బండి మీద పడుతుంది? ముందు బరువు తేలాలి, దాన్నిబట్టి ఇంజన్, ఆ ఇంజన్‌నిబట్టి ఆక్టేన్, అంటే పెట్రోలు రకం. ఈ వరస తలకిందులైతే డబ్బు పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పూట దీని గురించి కాస్త తీరిగ్గా మాట్లాడతాను.

బరువుతో మొదలుపెడదాం. 2022 మోడల్ జీప్ గ్రాండ్ చెరొకీ బ్రోషరు తీస్తే 3.6 లీటర్ల వి6 ఇంజన్‌తో 6,200 పౌండ్లు, 5.7 లీటర్ల వి8తో 7,200 పౌండ్లు లాగగలదని ఉంటుంది. ఇవి ఊరికే వేసిన అంకెలు కావు. ఇలాంటి అంకెలు తేల్చడానికి ఎస్.ఎ.ఇ. అనే ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం జె2807 అనే ప్రమాణం తయారుచేసింది. అమెరికాలో దాన్ని అందరికంటే ముందు, 2011 మోడళ్లతో, పాటించిన కంపెనీ టొయోటా. ఆ ప్రమాణంలో ఒక పరీక్ష ఆరిజోనాలో, నెవాడా సరిహద్దున ఉన్న డేవిస్ డ్యామ్ ఎత్తు మీద జరుగుతుంది. పదకొండు మైళ్లకు పైగా సాగే ఎక్కుడు అది. ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకూడదు, ఏసీ పూర్తిగా పెట్టి ఉండాలి, వెనక ట్రైలర్ ఉండాలి, వేగం గంటకు 40 మైళ్ల కిందికి దిగకూడదు. ఇంజన్, గేర్‌బాక్స్ వేడెక్కి మొరాయించకూడదు.

పరీక్ష కఠినమైనదే. అయితే ఆ లెక్కలో బండిలో ఉండేది ఇద్దరే మనుషులు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. మన బండిలో ఇద్దరే ఉంటారా? అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నాయనమ్మ. వెనక డిక్కీలో సోనా మసూరి బస్తా, కుక్కర్, పచ్చళ్ల సీసాలు, మంచినీళ్ల కేసులు. బ్రోషరు అంకె వేరు, మన అంకె వేరు.

మన అంకె ఎక్కడ దొరుకుతుంది? డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు మూసుకునే ఆ ఇనుప స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. అది మోడల్‌కి కాదు, సరిగ్గా ఆ బండికి వేసిన అంకె. సన్‌రూఫ్, మూడో వరస సీట్లు, పెద్ద ఇంజన్, ఏది అదనంగా చేరినా ఆ అంకె కాస్త తగ్గుతుంది.

ఇక ట్రైలర్ సంగతి. దాని బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా మన బండి వెనక ట్రైలర్ తగిలించే హిచ్ మీద పడాలి. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. ఎడ్లబండి తోలిన ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. గడ్డి వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందుకు ఎక్కువైతే ఎద్దుల మెడలు ఒరుసుకుపోతాయి. ఇక్కడా అంతే. హిచ్ మీద బరువు తక్కువైతే 65 మైళ్ల వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊపు అందుకుందంటే బండినే తిప్పి పడేయగలదు. ఎక్కువైతే బండి వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. స్టిక్కర్ మీద 1,300 పౌండ్లు ఉందనుకుందాం. అయిదుగురి బరువు 620 పౌండ్లు. మిగిలింది 680. బరువును ముందు చక్రాలకు కూడా పంచే హిచ్ సామాను ఒక 80. మిగిలింది 600. డిక్కీలో సామాను 150. మిగిలింది 450 పౌండ్లు. టంగ్ వెయిట్ పన్నెండు శాతం అనుకుంటే, 450 పౌండ్లు ఎంత ట్రైలర్‌కి సరిపోతాయి? 3,750 పౌండ్లకి. బ్రోషరులో 6,200 అనో, 7,200 అనో చూసి 5,500 పౌండ్ల ట్రైలర్ కొన్నవాళ్లు బండి పరిమితి ఎంతగా దాటిపోయారో చూడండి. పైగా ఇక్కడ ఇంజన్ చిన్నదా పెద్దదా అన్న ప్రశ్నే రాలేదు. అడ్డం పడినవి స్ప్రింగులు, ఇరుసులు, టైర్లు. పెద్ద ఇంజన్ కొన్నంత మాత్రాన అవి బలపడవు.

ట్రైలర్ అమ్మేవాళ్లు చెప్పేది ఖాళీ బరువు. నీళ్లు గాలన్‌కి ఎనిమిది పౌండ్ల పైచిలుకు. నలభై గాలన్ల ట్యాంకు నింపితేనే 330 పౌండ్లు. బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు, పక్కబట్టలు, వంట సామాను కలిస్తే ఖాళీ బరువు మీద వెయ్యి పౌండ్లు పెరగడం వింత కాదు. కాబట్టి మొదటి ప్రయాణానికి ముందు, అన్నీ సర్దుకున్నాక, హైవే పక్కన ట్రక్ స్టాప్‌లో ఉండే కాటా మీదికి ఎక్కించి తూయించండి. కొద్దిపాటి డబ్బుతో, కొద్ది నిమిషాల్లో ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో కాగితం మీద తేలిపోతుంది. టెక్సస్ చట్టం ప్రకారం ట్రైలర్ మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే దానికి సొంత బ్రేకులు ఉండాలి. అంతకంటే తేలికైన ట్రైలర్‌కి కూడా బ్రేకులు పెట్టించమనే నేనంటాను.

బరువు తేలింది. ఇప్పుడు ఇంజన్.

మళ్లీ అదే గ్రాండ్ చెరొకీ తీసుకుందాం. వి6 ఇచ్చేది 293 హార్స్‌పవర్, 260 పౌండ్-ఫీట్ టార్క్. వి8 ఇచ్చేది 357 హార్స్‌పవర్, 390 టార్క్. బండి, మనుషులు, ట్రైలర్ కలిసి పదివేల అయిదు వందల పౌండ్లు ఉన్నాయనుకోండి. ఆరు శాతం ఎక్కుడు మీద గంటకు 60 మైళ్లు నిలబెట్టాలంటే ఎంత శక్తి కావాలి? కొండ ఎక్కే బరువు, ఎదురుగాలి, టైర్ల రాపిడి, గేర్లలో పోయేది అన్నీ కలిపితే ఇంచుమించు 200 హార్స్‌పవర్. అయితే రెండు ఇంజన్లకీ సాధ్యమే కదా అనిపిస్తుంది. డాలస్ దగ్గరైతే సాధ్యమే. కానీ డాలస్ సముద్ర మట్టానికి 430 అడుగుల ఎత్తులో ఉంది, మనం వెళ్లేది కొలరాడోకి.

అమరిల్లో చేరేసరికి 3,600 అడుగులు. న్యూ మెక్సికో దాటి కొలరాడోలో అడుగుపెట్టే రేటన్ పాస్ దగ్గర 7,834 అడుగులు. డెన్వర్ నుంచి పడమటికి వెళ్లే ఇంటర్‌స్టేట్ 70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజన్ వెయ్యి అడుగులకి దాదాపు మూడు శాతం శక్తి కోల్పోతుంది. పదివేల అడుగుల ఎత్తులో ఆ వి6 దగ్గర మిగిలేది 205 హార్స్‌పవర్. అదీ ఇంజన్ నిమిషానికి ఆరువేల చుట్ల పైన అరుస్తుంటేనే. కావలసిందీ 200కి దగ్గరే. అంటే దాచుకున్నది ఏమీ లేదు. వి8 దగ్గర 250 ఉంటుంది, కాస్త ఊపిరి మిగులుతుంది.

టర్బో ఇంజన్ ఈ లెక్కను మారుస్తుంది. 2018 మోడల్ ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్‌లో ఉన్నది 3.5 లీటర్ల వి6 మాత్రమే. కానీ రెండు టర్బోలు గాలిని దట్టించి పంపుతాయి కాబట్టి 470 పౌండ్-ఫీట్ టార్క్ తక్కువ చుట్లలోనే అందుతుంది, ఎత్తుకి పెద్దగా తగ్గదు. తగిన టోయింగ్ ప్యాకేజీతో ఆ మోడల్ 9,300 పౌండ్ల దాకా లాగుతుంది. లీటర్లు చూసి ఇంజన్‌ని అంచనా కట్టే కాలం పోయింది. టార్క్ ఎంత, అది ఎన్ని చుట్ల దగ్గర వస్తుంది, టర్బో ఉందా లేదా అన్నది చూడాలి. డీజిల్ ఎస్‌యూవీలకు కూడా టర్బో ఉంటుంది, టార్క్ దండిగా ఉంటుంది, వాటికి ఆక్టేన్‌తో పనే లేదు.

పెద్ద ఇంజన్ ఎక్కువ లాగుతుందన్న నమ్మకాన్ని సరిదిద్దే ఉదాహరణ ఒకటి చెబుతాను. 2021 షెవర్లే టాహోలో పెట్రోలు ఇంజన్లు రెండు. 5.3 లీటర్లది 355 హార్స్‌పవర్, 6.2 లీటర్లది 420 హార్స్‌పవర్. కంపెనీ ప్రకటించిన అత్యధిక టోయింగ్ 8,400 పౌండ్లు. ఆ అంకె దక్కింది చిన్న ఇంజన్‌కి, రెండు చక్రాల డ్రైవ్ బండిలో. పెద్ద ఇంజన్‌కి డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన బండి ఎక్కువ బరువు మోయదు. అదే బరువుని తేలిగ్గా లాగుతుంది, ముఖ్యంగా ఎత్తులో. ఏడాదికొకసారి దగ్గర్లోని చెరువుకి పడవ లాగేవాళ్లకు ఆ సౌఖ్యం అవసరం లేదు. ప్రతి వేసవీ రాకీ పర్వతాలకు వెళ్లేవాళ్లకు ఉంది.

ఎక్కడం గురించే అందరూ అడుగుతారు. నేను దిగడం గురించి కూడా చెప్పాలి. కొండ దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా తొక్కితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ట్రైలర్ లాగడానికి ఉన్న టో/హాల్ మోడ్ పెట్టి, తక్కువ గేర్‌లో ఇంజన్‌తోనే వేగాన్ని అదుపులో ఉంచాలి. ఈ పనిలో ఎక్కువ లీటర్ల ఇంజన్ బండిని బాగా పట్టి ఉంచుతుంది. చిన్న టర్బో ఇంజన్‌కి ఎక్కేటప్పుడు ఉన్న బలం దిగేటప్పుడు ఉండదు. కాబట్టి చిన్న టర్బో బండివాళ్లు ట్రైలర్ బ్రేకుల మీద, వాటిని నడిపే బ్రేక్ కంట్రోలర్ అమరిక మీద మరింత శ్రద్ధ పెట్టాలి.

ఇక ఆక్టేన్.

ఆక్టేన్ అంకె పెట్రోలులో ఉన్న శక్తిని చెప్పదు. రెగ్యులర్‌లోనూ ప్రీమియంలోనూ మండితే వచ్చే శక్తి ఇంచుమించు ఒకటే. ఆ అంకె చెప్పేది, ఇంధనం ఎంత ఒత్తిడిని, ఎంత వేడిని ఓర్చుకోగలదని. సిలిండర్‌లో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది. అక్కడ మొదలైన మంట వరసగా పాకుతూ పోవాలి. అలా కాకుండా, మంట తనదాకా రాకముందే మూలనున్న మిశ్రమం ఒత్తిడికి, వేడికి తాళలేక ఒక్కసారిగా భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటారు. గట్టిగా, ఎక్కువసేపు సాగితే పిస్టన్లు పగులుతాయి.

ఈ నాకింగ్‌ని ఆపడానికే 1921లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ సీసం కలిపిన పెట్రోలు కనిపెట్టాడు. ఆ సీసం పిల్లల మెదళ్లను దెబ్బతీసే విషమని తెలిసి ఒక్కో దేశం మానేసింది. అమెరికా రోడ్ల మీద 1996లో, ఇండియాలో 2000లో అది పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు రిఫైనరీలో శుద్ధి పద్ధతులతోనూ, ఇథనాల్ కలిపీ ఆక్టేన్ పెంచుతున్నారు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడే విషయం ఒకటుంది. హైదరాబాద్ బంకులో మామూలు పెట్రోలు ఏళ్ల తరబడి 91, ఇక్కడ మామూలు పెట్రోలు 87. అమెరికా పెట్రోలు నాసిరకమా? కాదు. అక్కడ చెప్పేది రీసెర్చ్ పద్ధతిలో కొలిచిన అంకె. ఇక్కడ చెప్పేది రీసెర్చ్, మోటార్ అనే రెండు పద్ధతుల సగటు. ఇక్కడి 87, అక్కడి 91 ఇంచుమించు ఒకటే. అక్కడి కొలత మనసులో పెట్టుకుని ఇక్కడ 91 పోస్తే ఊరికే ఎక్కువ డబ్బు కట్టినట్టు.

మరి ఎవరు ఏది పోయాలి? మీ బండి మాన్యువల్‌లో, పెట్రోలు మూత దగ్గరి స్టిక్కర్ మీద మూడు రకాల మాటల్లో ఒకటి ఉంటుంది.

మొదటిది, రెగ్యులర్ చాలు అని. అలాంటి బండికి ప్రీమియం పోయడం వృథా. అమెరికా వాహనదారుల సంఘమైన ట్రిపుల్ ఎ 2016లో పరీక్షించి, రెగ్యులర్‌కి తయారైన బండ్లలో ప్రీమియం పోసినందువల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. అలా ఒక్క ఏడాదిలో అమెరికన్లు 210 కోట్ల డాలర్లకు పైగా వృథా చేశారని లెక్కకట్టింది. ప్రీమియం ఇంజన్‌ని శుభ్రం చేస్తుందన్న మాట కూడా నిలవదు. టాప్ టియర్ గుర్తున్న బంకుల్లో శుభ్రపరిచే రసాయనాలు అన్ని రకాల పెట్రోల్లోనూ ఉండి తీరాలి.

రెండోది, ప్రీమియం తప్పనిసరి అని. అక్కడ బేరం లేదు. ట్రైలర్ ఉన్నా లేకున్నా అదే పోయాలి. ఆ ఖర్చు భరించలేమనుకుంటే ఆ బండి కొనకూడదు.

మూడోది, ప్రీమియం సిఫారసు చేస్తాం, రెగ్యులర్ కూడా పనికొస్తుంది అని. టోయింగ్ చేసేవాళ్లు ఆలోచించవలసింది ఇక్కడే. ట్రిపుల్ ఎ 2017లో ఇలాంటి బండ్లని పరీక్షిస్తే ప్రీమియం వల్ల మైలేజీ సగటున 2.7 శాతం, హార్స్‌పవర్ 1.4 శాతం మాత్రమే పెరిగాయి. రోజూ ఆఫీసుకి వెళ్లి రావడానికి రెగ్యులర్ చాలు. ట్రైలర్ తగిలిస్తే కథ మారుతుంది. ఆగస్టులో 100 డిగ్రీల ఎండ, ఎదురుగాలి, ఎక్కుడు, వెనక అయిదువేల పౌండ్లు. సిలిండర్‌లో ఒత్తిడి, వేడి అన్నీ పతాక స్థాయిలో ఉంటాయి. నాకింగ్ మొదలవగానే సెన్సర్ పసిగట్టి, కంప్యూటర్ నిప్పురవ్వని ఆలస్యం చేస్తుంది. ఇంజన్ చెడిపోదు, కానీ మనకు అవసరమైన క్షణంలోనే శక్తి తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. ఫోర్డ్ మాన్యువల్ కూడా, ప్రీమియం వల్ల తేడా బాగా తెలిసేది ఎండాకాలంలో, ట్రైలర్ లాగేటప్పుడు అని చెబుతుంది. ఎక్స్‌పెడిషన్ బ్రోషరులోని హార్స్‌పవర్ అంకె కూడా ప్రీమియంతో కొలిచిందే.

గ్రాండ్ చెరొకీ వి8కి కంపెనీ సిఫారసు 89, 87 కూడా పనికొస్తుంది. దాని వి6కి 87 చాలు. 6.2 లీటర్ల టాహోకి ప్రీమియం సిఫారసు చేస్తారు, 5.3కి రెగ్యులర్ చాలు. చూడండి, ఇంజన్ ఎంచుకున్నప్పుడే పెట్రోలు ఖర్చు కూడా చాలావరకు ఎంచుకున్నట్టే. గాలన్‌కి 80 సెంట్లు తేడా అనుకుంటే పాతిక గాలన్ల ట్యాంకుకి ఇరవై డాలర్లు. ట్రైలర్ తగిలిస్తే మైలేజీ ఇంచుమించు సగానికి పడిపోతుంది కాబట్టి కొలరాడో వెళ్లి వచ్చేలోపు ఎన్ని ట్యాంకులో ముందే లెక్కవేసుకోండి. ప్రయాణానికి ప్రీమియం వాడదలిస్తే ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాకే పోయించండి. సగం 87 ఉండగా సగం ప్రీమియం, అంటే 93, పోస్తే లోపల ఉండేది 90 మాత్రమే.

ఇంకో రెండు జాగ్రత్తలు. కొలరాడో బంకుల్లో 85 అని ఒక పెట్రోలు కనిపిస్తుంది. పలచటి గాలిలో పాతకాలపు ఇంజన్లకు ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ అంకె అక్కడ వాడుకలోకి వచ్చింది. టర్బో ఇంజన్ ఆ పలచటి గాలినే దట్టించుకుంటుంది, దానికి ఎత్తు వల్ల మినహాయింపు లేదు. పైగా అక్కడ నింపిన ట్యాంకుతోనే మనం మళ్లీ కిందికి, ఎండలోకి దిగుతాం. మాన్యువల్ 87కి తక్కువ వద్దంటే 85 ముట్టుకోకండి. రెండోది పడవల వాళ్లకి. కొన్ని బంకుల్లో 88 పేరుతో కాస్త చవగ్గా దొరికేది ఇ15, అంటే పదిహేను శాతం ఇథనాల్. 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు దాన్ని అనుమతించారు. పడవ ఇంజన్లలో పోయడానికి చట్టం ఒప్పుకోదు. బండికి పోసిన గొట్టంతోనే పడవ ట్యాంకు కూడా నింపేయకండి.

మొత్తం మీద ఎండకి ఆక్టేన్, ఎత్తుకి ఇంజన్, క్షేమానికి బరువు లెక్క. ఆక్టేన్ విషయంలో పొరబడితే పోయేది కొన్ని డాలర్లు, కొంత వేగం. ఇంజన్ విషయంలో పొరబడితే కొండ మీద కుడి లేన్‌లో ట్రక్కుల వెనక నెమ్మదిగా వెళ్తాం. బరువు విషయంలో పొరబడితే దాన్ని ఏ పెట్రోలూ, ఏ ఇంజనూ సరిదిద్దలేవు. అందుకే షోరూమ్‌కి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తి చూడటానికి ముందు డ్రైవర్ తలుపు తెరిచి ఆ స్టిక్కర్ చదవండి. ఇంటిల్లిపాది బరువూ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. హిచ్ ఎంత మోయగలదో దాని మీద ఉన్న చీటీలో చూడండి, మాన్యువల్‌లో టోయింగ్ పేజీ, పెట్రోలు పేజీ అడిగి చదవండి. అంకెలు సరిపోకపోతే, బేరం ఎంత బాగున్నా ఆ బండి వదిలేసి రండి.